నీరెరిగి నాటిన తోట

గోదావరి సీమ అనగానే చాలమంది మనస్సున మెదలునది నిండుగ పారు కాలువ, కనుచూపుమేర వరిచేను, గట్టుమీద కొబ్బరిచెట్టు. ఆ చిత్రము సత్యమే. కాని సగము సత్యము. ఏలూరునుండి ఉత్తరముగా ధర్మాజీగూడెము మీదుగా చింతలపూడి పోవు బాటసారికి కొద్ది మైళ్ళలోనే నేలరంగు మారును. ఒండ్రునేల వెనుకబడి ఎర్రని గరపనేల ఎదురగును. కాలువలు కానరావు. కొబ్బరికి మారుగా తాడి, వరికి మారుగా మామిడి, జీడిమామిడి కనిపించును. క్రిందిది పల్లపుసీమ, పైది మెట్టసీమ. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన ఏలూరు జిల్లాలో ఈ రెండును ఇరుగుపొరుగులై యున్నవి. కొల్లేరు ఒక అంచు, చింతలపూడి మరియొక అంచు.

పల్లపుసీమ చరిత్రను వ్రాసినవారు పెక్కుమంది. మెట్టసీమ తోటల చరిత్రను తలచినవారు కొందరే. ఏ మొక్కను నాటవలెను, నాటినదానిని ఏ నీటితో ఎట్లు నిలుపుకొనవలెను అను ప్రశ్న ఇచ్చట ఆటవిడుపు ప్రశ్న కాదు. అది బ్రతుకు ప్రశ్న. దానికి మన పెద్దలు ఏ సమాధానములు చెప్పిరో, వానిలో ఏవి నిలిచినవో, ఏవి బెడిసికొట్టినవో నేడు తలపోయుదము.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. మెట్ట యన్నంత మాత్రమున వాన లేని చోటు కాదు. రాజస్థానములోని జైసల్మేరు ఎడారిలో ఏడాదికి కురియు వాన సుమారు 200 మిల్లీమీటర్లు. మన అనంతపురమున 550. చింతలపూడి ప్రాంతమున సాలీనా 1,000 మిల్లీమీటర్లకు తక్కువ కాదు. అయినను ఫాల్గుణము వచ్చుసరికి పెరటిమొక్క తలవాల్చును. కారణములు రెండు. ఆ వానలో అధికభాగము జ్యేష్ఠమునుండి కార్తికము వరకే కురిసిపోవును. తక్కిన ఆరు మాసములును దాదాపు ఎండయే. రెండవది, పడిన నీటిని ఈ నేల పట్టియుంచదు. పైపొర ఇసుక కలిసిన ఎర్రమన్ను. అడుగున చాలచోట్ల ఇసుకరాయి. గోదావరి లోయలోని అతిపురాతనమైన ఇసుకరాతి, బొగ్గు పొరలలో ఒక భాగమునకు భూగర్భశాస్త్రజ్ఞులు చింతలపూడి పేరే పెట్టినారు. ఈ సీమలోనే కామవరపుకోట చేరువ గుంటుపల్లి కొండమీద క్రీస్తుపూర్వమున బౌద్ధభిక్షువులు గుహలు తొలిపించుకొన్నదియు ఇసుకరాతియందే. శిల్పికి లొంగిన ఆ రాయి నీటికిని లొంగును. నీరు దాని సందులలోనుండి లోతునకు జారిపోవును. కావున మెట్టసీమకు ఎడారి లక్షణము ఆకాశమువలన రాలేదు, నేలవలన వచ్చినది. వానకాలమున అది కోనసీమ. వేసవిలో అది రాయలసీమ.

ఈ నీటితీరును తమ్మిలేరు చక్కగ చూపును. ఖమ్మము వైపు కొండలలో పుట్టి చింతలపూడి సీమగుండ పారి, ఏలూరు చెంత రెండు పాయలై, తుదకు కొల్లేట కలియు ఏరది. వానవచ్చిన నాడు గట్లు తెంచుకొనును. మాఘమునాటికి ఇసుకపాయ మిగులును. ఆ ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని ముంతతో తోడుకొనుట ఇట్టి ఏళ్ళ యొడ్డున పరంపరగ వచ్చిన విద్య. నాగిరెడ్డిగూడెము వద్ద కట్టిన జలాశయము ఆ ఏటినీటిలో కొంత నిలిపినది కాని, మెట్టనంతటిని తడుపుట దానికి శక్యము కాదు.

పల్లపుసీమ అదృష్టము మారిన సంవత్సరము 1852. 1847లో ఆర్థరు కాటన్ దొర ధవళేశ్వరమువద్ద మొదలిడిన ఆనకట్ట ఆ యేట పూర్తియయ్యెను. అంతకుముందు 1833 ప్రాంతమున నందననామ సంవత్సరపు కరువు కోస్తాను పీడించియుండెను. ఆనకట్ట తరువాత కాలువనీరు డెల్టాను అన్నపూర్ణగ మార్చెను. కాని కాలువ పల్లమెరుగును, మెట్టనెరుగదు. ఏలూరు కాలువ ఏలూరిదాక వచ్చి ఆగినది. చింతలపూడి ఎత్తునకు ఎక్కలేదు. అప్పటినుండి ఒకే మండలములో రెండు సేద్యధర్మములు ఏర్పడినవి. పల్లపురైతు తన కోరిక తెలిసికొని, నీటిని రప్పించుకొనును. మెట్టరైతు నీటి పరిమాణము తెలిసికొని, కోరికను దానికి తగ్గించుకొనును. ఈ రెండవ ధర్మమే మెట్టతోటల చరిత్రకు మూలసూత్రము.

ఆ సూత్రమునకు ఊరిపేరే సాక్షియేమో యనిపించును. చింతలపూడి యను పేరు వినగానే చింతచెట్టు గుర్తునకు వచ్చును. చింత నిజమునకు ఆఫ్రికాఖండపు చెట్టు. కాని అది మన దేశమునకు ఎంత పూర్వమే వచ్చినదనగా, అరబ్బు వర్తకులు దానిని తమర్ హింద్, అనగా హిందూదేశపు ఖర్జూరము అని పిలిచిరి; ఐరోపాభాషలలోని పేరు దానినుండియే పుట్టినది. లోతుగ దిగు వేరు, ఎండకు ముడుచుకొను చిన్నచిన్న ఆకులు, నూరేండ్లు దాటు ఆయువు దానికి ప్రకృతి ఇచ్చిన సాధనములు. మొదటి రెండుమూడు వేసవులు కాచిన చాలును. తరువాత అది మనలను కాచును.

తాటిచెట్టు కథయు ఇట్టిదే. టెంకను నేలలో వేసినవాడు దానికి నీరు పోయడు. అది ముందు క్రిందికి పోయి, వేరు నిలద్రొక్కుకొనిన పిదపనే పైకి చూచును. ఆ దశలోనే త్రవ్వి తీసిన మొలక మనము తంపటవేసి తినెడి తేగ. చెట్టు కాపునకు వచ్చుటకు పది పదునైదేండ్లు పట్టును. నాటినవాడు ముంజె తినునను నమ్మకము లేదు. అయినను నాటినారు, మెట్టలో తోటవేయుట యనగా రాబోవు తరమునకు వ్రాసిన వీలునామా యని వారెరుగుదురు. వేప, కానుగ, రేగు, వెలగ, ఉసిరి, కుంకుడు, నేరేడు, మోదుగ, ఇవన్నియు ఆ వరుసలోనివే. ప్రతిదానికిని నీటి విషయమున ఒక ఉపాయము కలదు. మోదుగ ఆకు రాల్చి మొగ్గ తొడుగును. వేప ఎండకాలపు ముంగిటనే చిగిర్చి, వేసవికి నీడ సిద్ధము చేయును.

మొక్కల ఎంపికను, పోషణను శాస్త్రముగ చెప్పుట మన దేశమున క్రొత్త కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము కేటాయించెను. నాటిన చెట్లకు గ్రీష్మమున ఉదయసాయంకాలములు, చలికాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పోయవలెనని ఆయన నియమము. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరలు ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు కనీసము అని చెప్పెను. దానికి ముందరి అధ్యాయమున ఆయన చెట్లను, పుట్టలను బట్టి భూగర్భజలమును గుర్తించు విధము వివరించినాడు. ఆ గుర్తులన్నియు నేటి పరీక్షకు నిలుచునని మేము చెప్పబోము. కాని నీటి అధ్యాయము ముందు, చెట్టు అధ్యాయము తరువాత అను ఆ వరుసయే గొప్ప పాఠము.

మన తీరమున ఈ విద్యను క్రొత్త కన్నుతో చూచినవాడు స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బరో. తూర్పు ఇండియా కంపెనీ వైద్యుడుగ 1776లో చెన్నపట్టణము చేరి, 1781 మొదలు సామర్లకోటలో నివసించి, అచ్చట ఒక ప్రయోగవనమును పెంచినాడు. మిరియాలు, కాఫీ మొదలగు పరదేశపు, పరసీమల మొక్కలను తెప్పించి గోదావరి నేలపై పరీక్షించినాడు. వానను కొలిచి వ్రాసియుంచినాడు. ఆయన కళ్ళయెదుటనే 1791–92 నాటి ఘోరక్షామము ఉత్తరసర్కారులను కబళించినది. ఆ కరువు చూచిన పిమ్మట ఆయన కంపెనీవారికి చేసిన సూచన నేటికిని గమనింపదగినది. వాన తప్పిన యేట వరి, జొన్న చేతికి రావు. కాని లోతువేరున్న చెట్టు ఎంతోకొంత ఆహారమిచ్చును. కావున బాటలవెంట, గట్లవెంట తాడి, కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగ నాటింపవలెనని ఆయన కోరినాడు. కరువునకు తోట యొక విరుగుడు అను భావమును తెలుగునేలమీద నిలిచి అధికారులకు విన్నవించిన తొలి వృక్షశాస్త్రజ్ఞులలో ఆయన యొకడు.

ఆయన మన మొక్కలను మన పేళ్ళతోనే నేర్చుకొనెను. దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించి, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ వెలువడిన కోరమండల తీరపు మొక్కల గ్రంథములో 300 చిత్రములు చేర్చినాడు. తెలుగు పేళ్ళను నమోదు చేసినాడు. మన అడవులలోని సోమిద చెట్టు ఆ గ్రంథమునకు ఎక్కినది. తరువాతివారు దాని ప్రజాతికి సోయ్మిడా అను శాస్త్రీయనామము పెట్టినప్పుడు, ప్రపంచ వృక్షశాస్త్రములో ఒక తెలుగుమాట శాశ్వతముగ చేరినది. ఇక ఆయన తెచ్చిన మిరియము, కాఫీల సంగతి యేమైనది? సామర్లకోట మైదానము మిరియాల సీమ కాలేదు. ఆ మొక్కలు తమకు తగిన తావును కాలాంతరమున అరకు వైపు కొండల చల్లని నీడలలో కనుగొన్నవి. మొక్కను మెచ్చినంత మాత్రమున చాలదు. మన చోటు మొక్కకు నచ్చవలెను.

పరదేశపు మొక్కలన్నియు మెట్టకు పనికిరావని దీని భావము కాదు. పోర్చుగీసువారి ఓడలతో పదునారవ శతాబ్దిలో బ్రెజిలునుండి వచ్చిన జీడిమామిడి, ఎరువెరుగని గరపనేలలో సైతము నిలిచినది. అమెరికా ఖండమునుండియే వచ్చిన సీతాఫలము రాళ్ళగుట్టలపై తనంత తాను పెరుగును. ఆకును మేకయు ముట్టదు. సీతమ్మ పేరు పెట్టుకొన్నాము గనుక అది పరదేశీయమని ఎవరికిని తోచదు. గుడి ముంగిట దేవగన్నేరు, ప్రహరిమీద కాగితపు పూలతీగ, ముంగిటిలో బిళ్ళగన్నేరు, ఈ మూటిలో మొదటి రెండు అమెరికా ఖండపువి, మూడవది మడగాస్కరు ద్వీపపుది. ఇవి తక్కువ నీటితో బ్రతుకును, పూలిచ్చును, గీచిన గీతలో నిలుచును. మంచి అతిథికి ఇంతకు మించిన లక్షణము వేరేమి కావలెను?

కాని గీత దాటిన అతిథులును కలరు. వారి కథ చెప్పకున్నచో ఈ చరిత్ర అసమగ్రము. నాగజెముడు మన ఎడారిచెట్టు అని చాలమంది తలపోయుదురు. నిజమునకు మనది బొంతజెముడు. గిల్లిన పాలు కారును. నాగజెముడు అమెరికావాసి, పాలుండవు. ఎండ నెదిరించుటకు రెండును కాండములో నీరు దాచుకొన నేర్చి, దూరదేశములలో నుండియు ఒకరూపు దాల్చిన పరాయి కుటుంబములవి. పదునెనిమిదవ శతాబ్ది చివర చెన్నపట్టణమున జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు ఎర్రరంగు నిచ్చు కోచినీలు పురుగుల కొరకు నాగజెముడు జాతుల తోట వేసినాడు. రంగుల వ్యాపారము ఫలింపలేదు. కాని కంచెకు మంచిదని, నీరక్కరలేదని జనులు నాటిన నాగజెముడు బీళ్ళను ఆక్రమించినది. పశువుల మేత పోయినది. తుదకు 1926లో సింహళమునుండి తెప్పించిన అదే కుటుంబపు మరియొక పురుగు కొద్ది యేండ్లలో దానిని చాలచోట్ల తినివేసి నేలను విడిపించినది.

సర్కారు తుమ్మ వృత్తాంతము ఇంకను పాఠము నేర్పును. వంటచెరకు కొరతను, బీటిభూములను తలచి అటవీశాఖవారు జమైకానుండి విత్తనములు తెప్పించి 1877లో కడప మండలమందలి కమలాపురమున నాటిరి. నీరడుగని చెట్టు కావలెనని కోరిరి, అట్టిదే వచ్చినది. కాని అది గట్లు దాటి, చెరువుల పొట్టలు నింపి, దేశమంతట అల్లుకొన్నది. కట్టెనిచ్చినది, బొగ్గునిచ్చినది, చెరువులను, బీళ్ళను మాత్రము తిరిగి యీయలేదు. కనుక తక్కువ నీరు త్రాగుట యనునది మొక్కకు ఒక గుణమే గాని, సర్వగుణము కాదు. ఎంత నీరు కోరును, మనకేమి ఇచ్చును, తన హద్దులో నుండునా? ఈ మూడు ప్రశ్నలను కలిపి యడిగినప్పుడే ఎంపిక పూర్తియగును.

ఇరువదవ శతాబ్ది రెండవ సగమున మెట్టసీమకు విద్యుత్తు వచ్చెను. దానివెంట గొట్టపుబావి వచ్చెను. ఇసుకరాతి పొరలలో యుగయుగములుగ ఇంకిన నీరు తొలిసారి మోటారు మీట క్రిందికి వచ్చినది. పొగాకు, నిమ్మ, కొబ్బరి, కోకో ఒకదానివెంట ఒకటి మెట్టనెక్కినవి. వానిలో అతిముఖ్యమైనది ఆయిల్‌పామ్. ఆఫ్రికాలోని తడి అడవుల చెట్టది. దేశమునకు వంటనూనె కొరతగనున్న రోజులలో ప్రభుత్వము దానిని ప్రోత్సహించెను. 1995లో పెదవేగిలో జాతీయ పరిశోధన కేంద్రము వెలసెను. ఒకనాడు వేంగిరాజ్యమునకు రాజధానియైన ఆ ఊరు నేడు దేశమందలి ఆయిల్‌పామ్ విద్యకు రాజధాని. ఈ పంట మెట్టరైతునకు నెలనెల రాబడి చూపిన మాట నిజము. అప్పులలో మునిగినవానికి అది ఒడ్డు. అట్టి రైతును నిందించుట మా యుద్దేశము కాదు.

కాని లెక్క చూడవలసియున్నది. హెక్టారునకు 143 చెట్లు నాటుదురు. నడివేసవిలో ఎదిగిన చెట్టునకు దినమునకు 200 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నీరు కావలెను. అనగా హెక్టారునకు దినమునకు 28,600 లీటర్లు. ఇటు మరియొక లెక్క. 100 చదరపు మీటర్ల ఇంటి కప్పుమీద 1,000 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఏడాదికి లక్ష లీటర్ల నీరగును. ఆ ఇంటికప్పు ఏడాది పొడుగునను పట్టిన వాన, ఆ తోట నాలుగు దినముల దాహమునకు చాలదు. ఆ తక్కువైనదంతయు నేలలోతునుండి రావలసినదే. అందుచేత మెట్టలో బావులు ఎండుట, ఎండిన బావి ప్రక్కన మరింత లోతైన బావి త్రవ్వుట నిత్యకృత్యమైనవి. 2002లో రాష్ట్రశాసనసభ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఒక చట్టమునే చేయవలసివచ్చెను. 2008లో చింతలపూడి ఎత్తిపోతల పథకము ఆరంభమయ్యెను. గోదావరి నీరు మెట్టకెక్కు దినము కొరకు జనులు ఏండ్లుగ ఎదురుచూచినారు. నీరు వచ్చుట మంచిదే. కాని వచ్చిన నీటిని సైతము ఎరిగి వాడనిచో, మరియొక దాహమే మిగులును.

నీటిని బొట్టుబొట్టుగ వేరునకందించు విద్య మానవునకు చిరకాలముగ తెలిసినదే. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో చైనా దేశపు సేద్యకోవిదుడు ఫాన్ షెంగ్‌జి, నీరు నింపిన మట్టికుండను నేలలో పాతి చుట్టును పాదులు పెట్టు పద్ధతిని వివరించినాడు. పూత లేని కుండగోడలోనుండి చెమ్మ మెల్లమెల్లగ మట్టికి చేరును. నేల తడిగనున్నప్పుడు తక్కువగ, ఎండినప్పుడు ఎక్కువగ. కుండయే యజమాని, కుండయే సేవకుడు. ఆ తలపే రబ్బరు, ప్లాస్టికు గొట్టముల యుగమున 1965 ప్రాంతమున ఇజ్రాయేలు దేశమందు సింఖా బ్లాస్ చేతిలో బిందుసేద్యముగ రూపొందెను. మన రాష్ట్రము 2003 నవంబరులో సూక్ష్మసేద్య పథకమును ఆరంభించి దేశమునకు మార్గము చూపినది. మెట్టతోటలలో నేడు కానవచ్చు ఆ నల్లని గొట్టములకు వెనుక ఇంతటి వంశచరిత్ర కలదు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో ఏర్పడిన ఉద్యానవన విశ్వవిద్యాలయము ఈ విద్యలకు నేడు మన సీమలోని నిలయము.

ఈ చరిత్రనుండి ఇంటింటికి పనికివచ్చునది యేమి? మెట్టలో పెరడుగల ప్రతికుటుంబమును పాటింపదగిన విషయములను కొన్నిటిని క్రోడీకరింతము.

మొదటిది, పెరటిని నీటిని బట్టి పంచుకొనవలెను. నూతిపళ్ళెము, వంటింటి తూము, స్నానపుగది ప్రక్క దినదినము నీరు పారును. అరటి, మెట్టతామర, కరివేపకు అదియే తావు. మెట్టతామర పేరునకు మెట్టదే గాని చెమ్మను కోరు మొక్క. ముంగిట, గుమ్మమునకు చేరువ మనము చేతితో నీరు పోయగలిగిన చోట మల్లె, మందారము, నందివర్ధనము ఉండవచ్చును. ప్రహరిదాపున, దూరపు మూలలందు గన్నేరు, కాగితపు పూలు, కలబంద, దేవగన్నేరు, మునగ, సీతాఫలము, ఉసిరి నాటవలెను. గన్నేరు విషపు మొక్క. పసిపిల్లలు, పశువులు మసలు ఇంట దానిని విడుచుటయే మేలు. ఒకే పాదునకు రెండు దాహములవారిని చేర్చినచో ఒకటి కుళ్ళును, లేదా మరియొకటి ఎండును. పచ్చికబయలు పరదేశపు మంచుసీమలకు అందము. మెట్టలో అది దినదినము నీరడుగు అప్పులవాడు.

రెండవది, కాలము. వేసవిలో మూడడుగుల గోతులు త్రవ్వి ఎండకు వదలవలెను. పైమన్నుతో బాగుగ చివికిన పశువులపెంట కలిపి నింపి, తొలకరి వానలు నేలను తడిపిన వెంటనే నాటవలెను. అప్పుడు నాటిన మొక్కకు వేసవి వచ్చులోపల తొమ్మిది మాసముల గడువు దొరకును. సంక్రాంతి వెళ్ళిన తరువాత నాటిన మొక్కకు ఆ గడువు లేదు. ఎంత లేత మొక్కయైన అంత మంచిది. పెద్దకుండీలో పెరిగి వేళ్ళు చుట్టుకొన్న మొక్కకన్న చిన్నమొక్క త్వరగ లోతునకు దిగును.

మూడవది, నీరుపోయు తీరు. దినమును చెంబెడు నీరు చిలకరించుట మొక్కకు అపకారము. తడి పైపైన ఉన్నచో వేరును పైపైననే తిరుగును. ఒక్కదినము మరచినచో అది ఎండును. వారమునకు ఒకటి రెండు మారులు అడుగుదాక తడుపవలెను. అప్పుడు వేరు నీటిని వెదకికొని క్రిందికి పోవును. పాదును మొదలున గాక, కొమ్మల అంచు నీడ పడుచోట చేయవలెను. చెట్టు పెరిగినకొలది పాదును వెడల్పు చేయవలెను. వాలునేలలో పాదు చంద్రవంకవలె దిగువవైపు కట్టపోసిన, వాన నీరు దానంత అది వచ్చి చేరును. పాదుమీద ఎండుటాకు, వరిగడ్డి, కొబ్బరిడొక్క పరచినచో ఎండ నేలను తాకదు. ఆకులు ఊడ్చి తగులబెట్టుట యనగా పెరటి దుప్పటిని కాల్చుటయే. లేతమొక్కకు మొదటి రెండు వేసవులలో పడమటివైపు తాటాకు నీడ, మొదట ఒక కుండపాతు ఉన్నచో చాలును.

నాలుగవది చాలమంది ఎరుగనిది. నీరు మానుటయు పోషణయే. మామిడి పూతకు రెండుమూడు మాసములు ముందే నీరాపుదురు. తడి ఎక్కువైనచో పూతకు మారుగ చిగురు వచ్చును. మల్లెతోట పెంచువారు కార్తిక మార్గశిరములలో నీరు కట్టి ఎండగట్టి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, పిమ్మట తడి ఇత్తురు. అప్పుడు వేసవి మొగ్గ విరగబూయును. కాగితపుపూల తీగయు అంతియే. నీరు హెచ్చిన ఆకు, నీరు తగ్గిన పువ్వు. కలబంద, ఎడారిగులాబి వంటి కండగల మొక్కలు నీరు లేక చచ్చుటకన్న నీరు నిలిచి కుళ్ళి చచ్చుటయే అధికము. మన మెట్టకు ఇది ముఖ్యము. ఎడారిదేశపు పుస్తకములు చదివి నాటినవారు మన వానకాలమును మరువరాదు. అట్టి మొక్కలను ఎత్తుగ పోసిన ఇసుక, గులకరాతి తిన్నెలమీద ఉంచినచో వేసవిని, వానను రెంటిని దాటును.

ఇక తుదిమాట. మెట్టలోని ఒక పెరటిలో ఒక పాదు కట్టుట చిన్నపని. కాని ఆ పాదులో ఆగిన నీరు, ఆ మన్ను, తమ్మిలేట కొట్టుకొనిపోవలసినవి. మెట్టనేల కోతపడినప్పుడు ఆ మన్ను చేరునది కొల్లేరులో. 1999లో పక్షుల రక్షితస్థలముగ ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ ఒప్పందమున అంతర్జాతీయ ప్రాముఖ్యము పొందిన ఆ సరస్సు, పైసీమనుండి వచ్చు ఒండ్రుతోను మెల్లమెల్లగ మెరకవేయుచున్నది. చింతలపూడి పెరటిలో నిలిచిన వాన, ఏలూరి వీథులలో వరదగ మారదు. కొల్లేట బురదగ దిగదు. నేలలో ఇంకి, ఏ పొరుగువాని బావిలోనో ఊటగ లేచును.

కరువులను చూచిన మన పూర్వులు చింతను, తాడిని నాటినప్పుడు తమ పెరటిని మాత్రమే తలపలేదు. తొలకరి ఏటేట వచ్చుచునేయున్నది. ఆ నాటికి గోతులు సిద్ధముచేసి, ఏ గోతిలో ఏ మొక్క యనునది నీటినడిగి నిర్ణయించుకొనుట మన వంతు.